ఒక్క ఇంటి వారాలబ్బాయి

పోయిన శనివారం మధ్యాహ్నం, మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండే స్వప్న, పన్నెండో తరగతి చదువుతున్న కూతురు నిహారికను వెంటబెట్టుకుని వచ్చింది. మా పేటలో నాకొక కీర్తి ఉన్నది. కౌన్సిల్ వారు ఏటా పంపే చెత్తడబ్బాల పట్టికను మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా చదివే ఏకైక గృహస్థుణ్ణి నేను. ఎవరింట్లో ఏ ఫారం నింపవలసి వచ్చినా ముందు నా దగ్గరికి రావడం అందువల్లనే.

“పాప అమెరికా యూనీకి అప్లై చేస్తానంటోంది అంకుల్. ఎర్లీ అంట. ఒక్కదానికే చెయ్యాలంట, సీటొస్తే తప్పకుండా జాయినవుతామని ముందే సైన్ చెయ్యాలంట. ఎయిడ్ ఇవ్వకపోతే మావల్ల కాదు. మా ఆయనకేమో భయం. మీరు రూల్స్ బాగా చదువుతారని పంపించారు,” అన్నది స్వప్న.

నిహారిక లాప్‌టాప్ తెరిచి నా ముందు పెట్టింది. “అంకుల్, డిడ్ యూ ఎవర్ అప్లై? లైక్, మీ టైమ్‌లో?”

“చేశాను.”

“అండ్?”

“ఒక దరఖాస్తు, ఒక జవాబు. సీటు రాలేదు.”

“ఓ. సారీ అంకుల్.”

నిబంధనలు రెండుసార్లు చదివాను. చదివి, ఇక్కడి యూనీల, అంటే విశ్వవిద్యాలయాల, ఫారం కూడా గడువులోగా తప్పకుండా పంపమని మూడుసార్లు చెప్పాను. మూడోసారికి ఆ పిల్ల కొంచెం విసుగ్గా, “ఆబ్వియస్లీ, అంకుల్,” అన్నది. ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ పిల్లకు అంత తేలికగా తట్టిన సంగతి అదే వయసులో నాకు తట్టలేదు. తట్టలేదనడం కూడా సరికాదు. ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళు చెప్పినా నేను ఒప్పుకోలేదు. ఆ కథ స్వప్నకూ నిహారికకూ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

పెట్రోలు పంపులు, దుకాణాల కాటాలు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో తనిఖీ చేయడం నా వృత్తి. ముప్పయ్యేళ్ళుగా అదే పని చేయడం వల్ల, సాక్ష్యం లేని మాటను, అది నా మాటే అయినా సరే, నమ్మలేని జబ్బు పట్టుకున్నది. ఆ కాలపు కాగితాలన్నీ ఇళ్ళు మారడంలో పోయాయి. ఖాయంగా చెప్పగలిగిన అంకెలు రెండే: ఏడాది పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది, నా వయసు పదిహేడు. మిగిలినదంతా జ్ఞాపకం. చదువరులు తగిన తరుగు తీసేసుకోవలసినదిగా మనవి.

అప్పుడు మేము మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, రైలు పట్టాల పక్కన, ఒక చెక్కగోడల ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్నగారు నీటి సరఫరా శాఖలో డ్రాఫ్ట్స్‌మన్. ఉదయం రేడియోలో వాతావరణ సూచన విన్నాక గాని కాఫీ ముట్టేవారు కారు. వాళ్ళు చెప్పిన ఉష్ణోగ్రతను క్యాలెండరు గడిలో పెన్సిలుతో రాసి, సాయంత్రం అసలుది పక్కన రాసి, తేడా చూసి తల పంకించేవారు. నా జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. ఆయన సంతకం చేయడం ఒక పూజా విధానం. చేతులు కడుక్కుని తుడుచుకునేవారు, కళ్ళజోడు పెట్టుకునేవారు, కాగితం కింద అట్ట పెట్టుకునేవారు, కలాన్ని ఒకసారి గాలిలో తిప్పి చూసుకునేవారు, అప్పుడు కాగితం మీద పెట్టేవారు. బ్యాంకు కాగితమైనా, స్కూలు విహారయాత్రకు అనుమతి పత్రమైనా ఒకటే తంతు. అమ్మ ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేసేది. ఇడ్లీపిండి గిన్నెకు నా పాత స్కూలు స్వెట్టరు చుట్టి, వేడినీళ్ళ సిలిండరు ఉన్న అలమారలో పెట్టేది. చలికాలమంతా మా నడవాలో పులిసిన పిండి, తడి ఉన్ని కలిసిన వాసన. వీసా పొడిగించుకుంటూ మా దగ్గర ఉండిపోయిన బామ్మ, మడిచీరను పెరట్లోని గుండ్రంగా తిరిగే ఇనుప దండెం మీద ఆరవేసేది. గాలికి దండెం తిరిగి చీర చెంగు పక్కింటి కంచెను తాకితే మడి పోయిందని మళ్ళీ తడిపేది. ఆదివారాలు ఆ కంచె అవతల మాంసం కాల్చే బార్బీ పొగ లేచేసరికి కిటికీలన్నీ మూసి, “వీళ్ళకి ఇంట్లో పొయ్యి లేదుట్రా?” అనేది.

అమెరికా మాట మా ఇంట్లోకి నా ద్వారానే వచ్చింది. స్కూలు గ్రంథాలయంలో ఒక కళాశాల వివరణ పుస్తకం దొరికింది. దూరదేశపు విద్యార్థులకు కూడా అవసరాన్నిబట్టి సాయం చేస్తామని అందులో ఉన్నది. ఉత్తరం రాసి ఫారాలు తెప్పించాను. సాయం కోరే ఫారం చూసి నాన్నగారి ముఖం చిన్నబోయింది. ముక్కూ ముఖమూ తెలియనివాళ్ళ ముందు ఇంటి పరిస్థితి విప్పి చెప్పుకోవడం ఆయనకు చొక్కా లేకుండా వీధిలోకి వెళ్ళడంతో సమానం. సంగతి ఏమిటని బామ్మ అడిగితే అమ్మ వివరించింది.

“ఓస్, అంటే వారాలేగా!” అన్నది బామ్మ. “దీనికి ఇంత ఏడుపెందుకూ? మీ తాతగారు చదువుకున్నది వారాలు చేసుకునే కదుట్రా. సోమవారం ప్లీడరు గారింట్లో, మంగళవారం కరణం గారింట్లో. బుధవారం ఇంటావిడ మజ్జిగలో మజ్జిగ ఎక్కడుందో వెతుక్కోవాలిట. అయినా వంక పెట్టకుండా తిని, స్కూలు ఫైనల్ ఫస్టుక్లాసులో పాసయ్యారు.”

వారాలంటే తెలియని ఈ తరం వారికోసం చెబుతున్నాను. ఇల్లు విడిచి చదువుకోవడానికి వచ్చిన పేద పిల్లవాడికి ఊళ్ళో ఏడు కుటుంబాలు వారానికొక్క రోజు చొప్పున అన్నం పెట్టేవి. అమెరికా విద్యాసాయాన్ని ఇంతకన్నా క్లుప్తంగా నిర్వచించిన వారిని నేను మళ్ళీ చూడలేదు. నాన్నగారు ఆ ఫారాన్ని ఏ అంకెనూ పెంచకుండా, తగ్గించకుండా నింపారు.

ఇక ముందస్తు దరఖాస్తు. నవంబరు ఒకటో తేదీలోగా పంపితే డిసెంబరులో జవాబు. నేను సెప్టెంబరు మొదట్లోనే పంపాను. ముందస్తును కూడా ముందస్తుగా. వ్యాసం ‘నిజాయితీ’ మీద రాశాను. ఐదు వందల మాటలకు మించరాదన్నారు కనుక సరిగ్గా ఐదు వందలు రాసి, ఆ సంగతిని అడుగున పేర్కొన్నాను. దరఖాస్తుతో పాటు ఒక ప్రమాణ పత్రం ఉన్నది: ఇదే నా ఏకైక ముందస్తు దరఖాస్తు, ప్రవేశం లభిస్తే ఇతర కళాశాలల వైపు చూడకుండా చేరతాను అని. దాని మీద నేను, నాన్నగారు, స్కూలు సలహాదారు సంతకం చేయాలి. సలహాదారు చదవకుండానే, “నో వర్రీస్, మేట్,” అని గీకి ఇచ్చాడు. నాన్నగారు చేతులు కడుక్కున్నారు.

అదే నెలాఖరుకు మా రాష్ట్రం విక్టోరియాలోని విశ్వవిద్యాలయాలన్నింటికీ కలిపి పంపవలసిన ఫారం గడువు. నా తరగతిలో అందరూ నింపారు. నేను నింపలేదు. అన్నం దగ్గర అమ్మ అడిగింది.

“పంపను. ఇతర కళాశాలల వైపు చూడనని సంతకం చేశాను. నాన్నగారు కూడా చేశారు,” అన్నాను.

“అది అమెరికా వాళ్ళ సంగతిరా ప్రసాదూ. ఇక్కడివి వేరు,” అన్నారు నాన్నగారు.

“‘ఇతర’ అని ఉంది నాన్నగారూ. ‘అమెరికాలోని ఇతర’ అని లేదు. చూపించమంటారా?”

“రాకపోతే?”

“వస్తుంది.”

“వస్తే సంతోషమే. రాకపోతే ఏం చేస్తావని అడుగుతున్నాను.”

“మాట ఇస్తే తప్పకూడదని మీరే కదా అంటారు!”

నాన్నగారు చెయ్యి కడిగేసుకుని లేచారు. ఆయన చెప్పిన నీతితోనే ఆయన నోరు మూయించగలిగినందుకు నాకు కలిగిన ఆనందాన్ని ఇప్పుడు తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి. బామ్మ మాత్రం వదలలేదు.

“ఒరేయ్, మీ తాతగారు ఏడిళ్ళు పట్టుకున్నారురా. ఏడు! ఒకరింట్లో మైల వచ్చినా, ఒకరు ఊరెళ్ళినా, ఆ పూటకి ఇంకెవరో పెట్టేవారు. నువ్వేవిటి, సముద్రం అవతల ఒక్క ఇంటి గుమ్మం ముందు కూచుని, వాళ్ళు పెడితేనే తింటానంటావు? ఒక్క ఇంటి వారాలబ్బాయిని నిన్నే చూశాను.”

“ఇది వారాలు కాదు బామ్మా. ఒప్పందం.”

“వాళ్ళు పెడతామని ఒప్పుకున్నారా?”

“లేదు. నేను తింటానని ఒప్పుకున్నాను.”

“బావుంది,” అన్నది బామ్మ. అమ్మ నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి వెళ్ళింది.

గడువు దాటింది. అంటే, దాటిందని నేను అనుకున్నాను. అక్టోబరు చివర స్కూలు నుంచి వచ్చేసరికి పోస్టులో నా పేర ఒక కార్డు ఉన్నది: ‘మీ దరఖాస్తు అందినది. మీ ప్రాధాన్యాలు ఈ క్రింది విధముగా నమోదు చేయబడినవి.’ కింద ఎనిమిది కోర్సులు, నేను ఎంచుకుని ఉంటే ఏ వరుసలో ఎంచుకునేవాణ్ణో సరిగ్గా ఆ వరుసలో. నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చేదాకా కార్డు పట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాను.

“ఇది మీరు పంపారా?”

“పంపాను.”

“సంతకం?”

“నీ పేరే పెట్టాను.” ఆయన బూట్లు విప్పుకోవడం మానలేదు. “రెండు సార్లు చిత్తు కాగితం మీద రాసి చూసుకుని పెట్టాను.”

దొంగ సంతకం పెట్టేముందు కూడా ఈయన చేతులు కడుక్కున్నారా అన్న ప్రశ్న ఆ కోపంలోనూ నాకు కలిగింది. అడగలేదు. దానికి బదులు, పదిహేడేళ్ళ వయసులో మాత్రమే చేయగలిగిన పని ఒకటి చేశాను. అమెరికా కళాశాలకు ఉత్తరం రాశాను. నా ప్రమాణం భంగమైనదనీ, మా తండ్రిగారు నాకు తెలియకుండా, నా సంతకంతో, స్వదేశంలో మరొక దరఖాస్తు పంపారనీ, ఈ సంగతి దాచి మీ కళాశాలలో అడుగుపెట్టడం నాకు సమ్మతం కాదనీ. రాసి, అందులో నిజానికి విరుద్ధమైనది ఏదైనా ఉన్నదేమో చూడమని నాన్నగారికే ఇచ్చాను.

ఆయన భోజనాల బల్ల దగ్గర కూర్చుని నిదానంగా చదివారు. “తేదీ తప్పు. నేను పోస్టులో వేసింది ఇరవై ఎనిమిదిన కాదు, ఇరవై ఏడున,” అన్నారు. నేను దిద్దాను. ఆయన లేచి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి, అడుగున ‘పై విషయములు యథార్థములు’ అని ఇంగ్లీషులో రాసి సంతకం చేశారు.

“తండ్రీ కొడుకులకి పిచ్చి ముదిరింది. నేరం ఒప్పుకోడానికి కూడా పోటీలా?” అన్నది అమ్మ. నాన్నగారు ఆ ఉత్తరాన్ని మర్నాడు తానే పోస్టు చేశారు.

ఆ తరువాత ఏడు వారాలు. నిహారికకు డిసెంబరులో ఒక సాయంత్రం తెర మీద జవాబు వస్తుంది. ఏ క్షణాన వస్తుందో కూడా ముందే చెప్పేశారట. ఈలోగా తన దరఖాస్తు ఎక్కడ ఉన్నదో ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు. ఏమైనా సందేహం వస్తే ఒక మెయిలు రాస్తే చాలు, మర్నాటికల్లా జవాబు. నా ‘ఇతర’ సంగతి ఈ రోజుల్లో అయితే రెండు పంక్తులతో తేలిపోయేది. అప్పుడు ఉత్తరం వెళ్ళడానికి తొమ్మిది రోజులు, రావడానికి తొమ్మిది. మధ్యలో వాళ్ళ ఇష్టం. అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. పోస్టు ఎంత వేగంగా ఉన్నా నేను అడిగి ఉండేవాణ్ణి కాను. సందేహం ఉన్నవాడు కదా అడిగేది. అప్పటి నా దగ్గర లేనిది సందేహమే.

జవాబు డిసెంబరులో ఒక గురువారం వచ్చింది. పెరట్లో ఎండ నిప్పులు చెరుగుతోంది. మార్గశిర మాసంలో ఈ ఎండలేమిటని విస్తుపోతూనే, అవకాశం వదులుకోవడం ఇష్టంలేక బామ్మ పాత దుప్పటి మీద గుమ్మడి వడియాలు పెట్టి ఉన్నది. కవరు విప్పకముందే వంటింటి కాటాలో తూచాను. ఇరవై గ్రాములు కూడా లేదు. ప్రవేశం ఇచ్చేవాళ్ళు ఫారాలు పంపుతారు కనుక అది బరువుగా ఉండాలని ఊహించగలిగాను. ఆ లెక్క మాత్రం తప్పలేదు.

నాన్నగారు వచ్చాక అందరి ముందూ పైకి చదివి, తెలుగులో చెప్పాను. మొదటి పేరా, మీ ఆసక్తికి కృతజ్ఞతలు. రెండోది, ఈ ఏడు సాయం కోరిన విదేశీ విద్యార్థుల సంఖ్య మా శక్తికి మించినది. మూడోది, అందువల్ల మీకు స్థానం ఇవ్వలేకపోతున్నందుకు చింతిస్తున్నాము. అక్కడ ఆగాను. నాలుగో పేరా కూడా ఉన్నది. అందులో ఇలా ఉన్నది: మీ రెండో ఉత్తరం అందినది, మా నిబంధన ఈ దేశపు కళాశాలలకే వర్తిస్తుంది, మీ దేశంలో దరఖాస్తు చేసుకోవడానికి మీకు మొదటి నుంచీ స్వేచ్ఛ ఉన్నది, మా నిర్ణయానికీ ఆ విషయానికీ సంబంధం లేదు, మీ తండ్రిగారు ముందుచూపు గలవారు, ఆయనకు మా అభినందనలు.

సీటు రాకపోవడం కన్నా ఆ పేరా ఎక్కువ మండింది. మూడు నెలలపాటు ఇంట్లో అందరికీ పాఠం చెప్పిన వాక్యాన్ని నేను తప్పు చదివానని, దాన్ని రాసినవాళ్ళే, సంతకం పెట్టి చెబుతున్నారు.

“నా సంతకం సంగతి ఏమైనా రాశారా?” అని అడిగారు నాన్నగారు.

“లేదు నాన్నగారూ. ఏమీ రాయలేదు.”

నిజాయితీ మీద ఐదు వందల మాటలు రాసినవాడికి అబద్ధమాడటానికి నాలుగు మాటలు సరిపోయాయి.

“రాయరు. పెద్దమనుషులు. మర్యాదకి రాయరు,” అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

శుక్రవారం పార్సెల్ తెచ్చిన మనిషి పుస్తకం చాపితే నాన్నగారు అమ్మను కేకేసి, “నువ్వు చెయ్యి సంతకం,” అన్నారు. అమ్మ పిండి చేతులతో వచ్చి చేసింది. శనివారం క్యాలెండరు గడిలో పొద్దుటి అంకె ఉన్నది, సాయంత్రంది లేదు. అన్నంలో పెరుగు దాకా రాకుండానే లేచిపోతున్నారు. కొడుకు అమెరికా చదువు తన కలం వల్ల పోయిందని ఆయన నమ్మారు. ఆయన నమ్మారని నాకు తెలుసు. తెలిసి కూడా, ఈ రోజు కాదు రేపు చెబుదాం అనుకుంటూ, ఉత్తరాన్ని గణితం పుస్తకంలో పెట్టుకుని తిరిగాను.

ఆదివారం పొద్దున బామ్మ వడియాల దగ్గర కాకుల్ని అదిలిస్తూ నన్ను పిలిచింది. ఆమెకు ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ రాదు.

“ఒరేయ్, మొన్న ఆ ఉత్తరం చదివావు చూడూ. నీ పక్కనే కూచున్నాను. నువ్వు ఆపేశాక కింద ఇంకా నల్లగా ఉంది. ఐదారు వరసలు. అది ఎందుకు చదవలేదూ?”

నేను కూడా ఒక కాకిని అదిలించాను.

“నీ అంతట నువ్వే చదువుతావేమోనని నాలుగు రోజులు చూశాను. అక్కడ నా కొడుకు సగం కంచం వదిలేసి లేస్తున్నాడు. తీసుకురా. వాడి ముందు చదువు.”

నాన్నగారు కంచె దగ్గర టమాటా మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు. నేను చదవలేకపోయాను, కాగితం ఆయన చేతికిచ్చాను. గొట్టం కింద పడేసి, తడి చేతులు పంచెకు తుడుచుకుని, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. నాలుగో పేరా రెండుసార్లు చదివారు. గొట్టంలో నీళ్ళు మా ఇద్దరి కాళ్ళ మధ్య నుంచి పారుతున్నాయి. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

“పైన మూడూ నీకు రాశారు,” అన్నారు చివరికి. “ఇది నాకు రాశారు. నాకు వచ్చిన ఉత్తరం నాలుగు రోజులు నీ దగ్గర పెట్టుకున్నావురా.”

గురువారం సాయంత్రం నుంచి ఆదివారం పొద్దుటికి నాలుగు రోజులు కాదు. రెండున్నర అవుతుంది. లెక్క నా నాలుక చివరి దాకా వచ్చింది. జన్మలో మొదటిసారి, పైకి అనలేదు.